పీత రాయబోతే కుక్క పడింది

బోగిమ్ ముఖం చూసినవాళ్లు ఆమెకు యాభై తొమ్మిదేళ్లంటారు, చేతులు చూసినవాళ్లు తొంభై అంటారు. అసలు వయసు అరవై తొమ్మిది. షింజిన్ రేవులో నలభై ఏళ్లుగా వలల్లోంచి పీతలు విడదీసే పని ఆమెది. పడవ ఒడ్డుకు రాగానే వలలు కుప్పగా దించుతారు. ఆడవాళ్లు చుట్టూ చిన్న పీటలేసుకుని కూర్చుంటారు. దారాల్లో చిక్కుకున్న పీతను దాని కాళ్లు విరగకుండా, తమ వేళ్లు తెగకుండా విడిపించాలి. తర్వాత కత్తెరతో అది కరిచే డెక్కల మొనలు తుంచి తొట్టిలో వేయాలి. రోజుకు కొన్ని వందల పీతలు. ఆ పనిలో బోగిమ్ బొటనవేళ్లు చెక్కముక్కల్లా గట్టిపడ్డాయి. కుడిచేతిది కణుపు దగ్గర పక్కకు కూడా వంగింది.

అలాంటి చేతిలో కూతురు మిహ్వా కిందటి పుట్టినరోజున ఒక అద్దపు ఫోను పెట్టింది. మాట్లాడటానికి ఏ ఇబ్బందీ లేదు. ఆకుపచ్చ గుండ్రం మీద వేలు రాస్తే చాలు, అవతల మనిషి పలుకుతుంది. చిక్కంతా మెసేజీ రాయడంలోనే. అగ్గిపెట్టెంత చోటులో ఇరవై ఆరు బటన్లు. బోగిమ్ బొటనవేలు ఆనిస్తే దాని కింద మూడు మాయమైపోతాయి. మధ్యదాని తలుపు తడితే ఎప్పుడూ పక్కింటివాళ్లే తీస్తారు. పైగా ఆ మొద్దుబారిన చర్మాన్ని అద్దం చాలాసార్లు గుర్తించదు. గుర్తించలేదని గట్టిగా అదిమితే అక్షరం బదులు అంకె పడుతుంది. వేలు తడి చేసుకుంటే నొక్కనివి కూడా వాటంతటవే పడిపోతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె లోపల దాచుకున్న మాట ఒక ఎత్తు. బోగిమ్ చదవడం, రాయడం నేర్చుకుంది అరవై రెండో ఏట. ఊరి సావడిలో చలికాలమంతా ముసలివాళ్లకు అక్షరాలు నేర్పితే, మోకాళ్లు పట్టేసినా ఒక్కరోజు మానకుండా వెళ్లి నేర్చుకుంది. ఈ సంగతి రేవులో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క వియ్యపురాలికే.

వియ్యపురాలు నమ్‌హీ ఉండేది పట్నం పక్కన సొంగ్‌నమ్‌లో. ముప్పై రెండేళ్లు బడిలో భాష పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. మాట్లాడితే ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుంటుంది. తొమ్మిదేళ్ల కిందట పిల్లల పెళ్లిలో అతిథుల పుస్తకంలో పేరు రాయమంటే, బోగిమ్ "కళ్లజోడు మరిచిపోయానండీ" అని చెప్పి కూతురి చేత రాయించింది. ఆమెకు ఆనాటికి కళ్లజోడే లేదు. అప్పటినుంచీ ఇద్దరి మధ్యా పండగలకు, మనవరాలి పుట్టినరోజుకు ఫోను పలకరింపులే తప్ప కాగితం ఊసు రాకుండా జాగ్రత్తపడింది.

ఈ ఏడు వసంతంలో నమ్‌హీకి గొంతులో ఏదో కాయ లేచిందని ఆపరేషన్ చేశారు. నెల్లాళ్లు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారట, గుసగుస కూడా కూడదన్నారట.

"అయ్యో! ముప్పై రెండేళ్లు వాగిన గొంతు కదా పాపం," అంది బోగిమ్ ఫోనులో. "ఆవిడకేం ఇష్టమే?"

"పీతలంటే ప్రాణం," అంది మిహ్వా. "అందులోనూ గుడ్లతో ఉన్న ఆడపీతలు. పంపిస్తే నేను చెప్తాలే అమ్మా, నువ్వేం రాయక్కర్లేదు."

"వద్దు. మనిషి గొంతు పోయి మూల కూర్చుంటే మధ్యలో ఇంకో మనిషిని పెట్టి పలకరిస్తామా? నేనే రాస్తా."

మర్నాడు పొద్దున్నే వచ్చిన పడవలోంచి బోగిమ్ ఐదు ఆడపీతల్ని ఏరింది. ఒక్కొక్కటి రెండు అరచేతులంత ఉంది. డెక్కల మొనలు తుంచి, థర్మాకోల్ పెట్టెలో రంపపు పొట్టు పోసి, అందులో వాటిని బిగించి కొరియర్ కుర్రాడికి ఇచ్చింది. తర్వాత చేతులు కడుక్కుని, తుడుచుకుని, షెడ్డు వెనక కూర్చుంది. పక్కన ఇల్‌సున్ కూర్చుంది. ఇల్‌సున్ ఆమెకంటే నాలుగేళ్లు చిన్నది. మొగుడికి సొంత పడవ ఉంది. ఆమె నోటికి తాళం లేదు.

"ఎంతసేపే అక్కా, ఆటుపోట్లు రెండు మారాయి," అంది ఇల్‌సున్ కాసేపటికి.

"మాట్లాడకు. వేలు చెదురుతుంది."

ముప్పావుగంట పట్టింది. పూర్తయ్యాక బోగిమ్ పైకి చదువుకుంది. చెవికి అంతా సరిగ్గానే ఉంది. పంపేసింది.

ఇక్కడే ఉంది తిరకాసు. మా దేశపు భాషలో పీతకూ కుక్కకూ ఒక్క అచ్చు గుర్తే తేడా. పైకి పలికితే రెండూ ఒకేలా వినబడతాయి. చిన్న పిల్లలే కాదు, పెద్దవాళ్లూ తడబడతారు. ఫోను కీబోర్డులో ఆ రెండు అచ్చులూ పక్కపక్కనే ఉంటాయి. బోగిమ్ నొక్కబోయింది ఒకదాన్ని, వంకర వేలు దిగింది రెండోదాని మీద.

నమ్‌హీకి అందిన మెసేజీ ఇది: "వదినగారూ. కుక్కలు ఐదు పంపాను. అన్నీ బతికే ఉన్నాయి. అన్నీ ఆడవే. రేపు వస్తాయి."

జవాబు నిమిషంలో వచ్చింది. "వదినగారూ, మీ అభిమానానికి కృతజ్ఞతలు. కానీ దయచేసి పంపవద్దు. మాది పదకొండో అంతస్తు. ఉంచడానికి చోటు లేదు."

బోగిమ్ కూడబలుక్కుని చదివి నవ్వింది. "చూశావా మర్యాద! ఇస్తే వద్దంటారు పెద్దమనుషులు. ఐదు పట్టే చోటు లేదట ఇంట్లో!"

"ఫ్రిజ్జు నిండా మందులే ఉంటాయేమోనే పాపం," అంది ఇల్‌సున్.

ఈసారి బోగిమ్ అరగంటలోనే రాసేసింది. "చోటు అక్కర్లేదు. ఒక్క రోజు కూడా ఉంచుకోవద్దు. చచ్చిపోతే రుచి ఉండదు. కరవకుండా కత్తిరించాను. పొట్ట పైకి పెట్టి ఆవిరి మీద ఇరవై నిమిషాలు."

ఆ తర్వాత అటునుంచి ఏ జవాబూ రాలేదు. మనిషి సంతోషంతో మూగబోయి ఉంటుందని బోగిమ్ అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మిహ్వా ఫోను చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అమ్మా... అమ్మా... ఏం రాశావే తల్లీ!"

"ఏం రాశాను? పీతలు పంపానని రాశాను. అందాయా?"

"అందాయి! కుక్కలొస్తున్నాయని మా అత్తగారు రాత్రంతా నిద్రపోలేదే! పొద్దున్నే కాగితం మీద రాసుకుని కింద వాచ్‌మన్‌కి చూపించిందట, 'కొరియర్లో ఐదు బతికున్న కుక్కలు వస్తాయి, దయచేసి నన్ను కాపాడండి' అని. ఆయన నాలుగో అంతస్తులో కుక్కలున్న వాళ్లింటికి పోయి గొలుసూ, రెండు డబ్బాల తిండీ తెచ్చిపెట్టుకున్నాడు. తీరా పెట్టె వచ్చింది. చెవి పెట్టి వింటే లోపల గీరుతున్న చప్పుడు. 'ఇంత చిన్న పెట్టెలో ఐదా! కళ్లు తెరవని పిల్లలేమో పాపం' అని ఆయన కళ్లు తుడుచుకున్నాడట. మూత తీస్తే పొట్టులోంచి ఒక డెక్క లేచింది. వాచ్‌మన్ కేకకి రెండు అంతస్తుల వాళ్లు బయటికొచ్చారు. మా అత్తగారు నవ్వకూడదు కదా, గొంతు! మెట్ల మీద కూలబడి గోడను గుద్దుతూ నవ్విందట, చప్పుడు లేకుండా..."

మిహ్వా చెప్పేది ఇంకా అవలేదు. బోగిమ్ ఫోను చెవికి దూరంగా జరిపింది. ఆమెకు నవ్వు రాలేదు. చెవులు వేడెక్కాయి. కరవకుండా కత్తిరించాను. పొట్ట పైకి పెట్టి. తను రాసిన ముక్కలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఇంటికి వెళ్లి ఫోనును బియ్యం డబ్బా మీద బోర్లించింది. తొమ్మిదేళ్లు దాచిన గుట్టు తన చేత్తోనే ఒక పంతులమ్మ కళ్లముందు ఆరబెట్టినట్టయింది. ఆ సాయంత్రం ఫోను రెండుసార్లు మోగింది, మర్నాడు ఇంకోసారి. నమ్‌హీ రాస్తోంది. పీతలు చాలా బాగున్నాయని, ఎలా ఉన్నారని, బాగానే ఉన్నారా అని. బోగిమ్ అన్నీ చదివింది, ఒక్కదానికీ జవాబివ్వలేదు.

"ఒక్క ముక్క రాయొచ్చు కదే," అంది ఇల్‌సున్.

"రాస్తే ఈసారి ఏనుగులొస్తాయి. నోర్మూసుకుని వల పట్టు."

ఐదో రోజు పొద్దెక్కాక రెండో పడవ వలలు విడదీస్తున్నారు. ఇల్‌సున్ తలెత్తి కళ్లు చికిలించింది.

"అక్కా, ఎవరో పట్నం ఆవిడ మెడలో పుస్తకం వేలాడేసుకుని వస్తోంది. ఓట్లడగడానికా?"

బోగిమ్ చూసింది. బూడిదరంగు కోటు, చిన్న టోపీ, వలల మధ్య ఆచితూచి వేస్తున్న అడుగులు. పీట మీదనుంచి అలాగే లేచి నిలబడి, చేతులు రెండూ రబ్బరు ఏప్రను వెనక్కి దాచుకుంది.

నమ్‌హీ దగ్గరికొచ్చి నడుం వంచి దండం పెట్టింది. బోగిమ్ ఇంకా కిందికి వంగింది. ఆవిడ మెడలోని పుస్తకం తెరిచి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చూపింది.

బోగిమ్ పైకి చదివింది. ఆమె ఎప్పుడూ పైకే చదువుతుంది. "జ-వాబు రాక-పోతే భయ-మేసింది. నా మీద... కో-పమా?"

"కోపమా!" అంది బోగిమ్. "కోపం ఎవరికొచ్చింది వదినగారూ, సిగ్గొచ్చింది. ఇంకేం దాస్తాను, వచ్చేశారుగా. పెళ్లిలో కళ్లజోడు మరిచిపోలేదు నేను. నాకప్పుడు నా పేరు రాయడం కూడా రాదు. మా నాన్న ఆడపిల్లకి బడేంటని పడవ మీదికి తీసుకుపోయాడు. అరవై రెండేళ్లకి నేర్చుకున్నా. నేర్చుకున్నదైనా సరిగ్గా ఏడ్చిందా అంటే, మీరు చూశారుగా! మీలాంటి చదువుకున్నావిడకి కుక్కల్ని పంపించా."

వలల చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ చేతులాపి వింటున్నారు. నమ్‌హీ రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. బోగిమ్ చదువుతుంటే వెనకనుంచి ఇల్‌సున్ కూడా తొంగిచూసింది.

"అరవై రెండేళ్లకు నేర్చుకుని, నాకు స్వయంగా రాశారా? ఆ సంగతి నాకు తెలిసుంటే కుక్కలొచ్చినా పెంచుకునేదాన్ని."

ముందు నవ్వింది ఇల్‌సున్. ఆమె వెనక మిగతావాళ్లు. బోగిమ్ పెదాలు బిగబట్టి చూసింది గానీ ఆగలేదు. నవ్వుతూనే ఏప్రను అంచుతో కళ్లు తుడుచుకుంటే ముఖమంతా ఉప్పునీళ్లయింది.

నమ్‌హీ చెయ్యి చాపింది. ఏమడుగుతోందో బోగిమ్‌కు కాసేపు అర్థంకాలేదు. ఫోను. పనికొచ్చేప్పుడు దాన్ని ఇంట్లోనే వదిలి వస్తోంది కదా, ఇల్‌సున్ పరిగెత్తి పోయి తెచ్చింది. ఇద్దరూ షెడ్డు వెనక బల్ల మీద కూర్చున్నారు. నమ్‌హీ పుస్తకంలో "పీత అని రాయండి" అని రాసి చూపించి, పిల్లల పక్కన నిలబడ్డ పంతులమ్మలాగే మెడ చాపి చూసింది.

బోగిమ్ సరైన అచ్చు మీదికే వేలు తెచ్చింది. ఆనించింది. కుక్క పడింది.

చెరిపేసి మళ్లీ రాసింది. మళ్లీ కుక్కే పడింది. మూడోసారి ఏమీ పడలేదు. గట్టిగా అదిమితే సున్నా పడింది.

నమ్‌హీ ముఖం వెలిగిపోయింది. ఆమె బోగిమ్ బొటనవేలు పట్టుకుని తిప్పి చూసింది. వంగిన కణుపునూ, రాయిలా అయిన కొసనూ తడిమింది. దాన్ని కీబోర్డు మీద ఆనించి, ఏయే బటన్లు కనబడకుండా పోతున్నాయో తన చిటికెనవేలితో లెక్కపెట్టింది. తర్వాత రాసింది.

"మీకు అక్షరం తెలుసు. సరిగ్గా దాని మీదికే వెళ్లారు. మీ వేలు వంగినంత మేర అది పక్కన దిగుతోంది. ముప్పై రెండేళ్లు తప్పులు దిద్దినదాన్ని. రాసేవాళ్ల తప్పేదో, రాసే పలక తప్పేదో నాకు తెలుస్తుంది. ఇది పలక తప్పు."

బోగిమ్ ఆ చివరి మాట రెండుసార్లు చదివింది. "పలక తప్పా?"

నమ్‌హీ తల ఊపింది.

"అంటే నాది కాదా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది, చాలా గట్టిగా.

"విన్నావటే ఇల్‌సున్? నాది కాదట!"

"విన్నా. రేవంతా విన్నది, ఎందుకరుస్తావు!"

ఇక ఇద్దరూ ఫోను మీద పడ్డారు. నమ్‌హీ సెట్టింగులు తెరిచింది. మొదట అద్దం స్పర్శ పెంచే బటనేదో వెతికి ఆన్ చేసింది. ఆ తర్వాత బోగిమ్ మొద్దు వేలు ఆనినా అద్దం గుర్తించడం మొదలెట్టింది. తర్వాత మాట్లాడితే తానే రాసుకునే మైకు బొమ్మ నొక్కింది. బోగిమ్ దాని ముందు గొంతు సవరించుకుని "పీతలు పంపాను" అంది. ఫోను ఏ మాత్రం తడుముకోకుండా "కుక్కలు పంపాను" అని రాసింది.

"చూశారా, దానికీ తేడా తెలీదు!" అని బోగిమ్ చప్పట్లు కొట్టింది. "చదువుకున్న ఫోనే తప్పు రాస్తుంటే నన్నంటారేంటి!"

తర్వాత వేలితో అద్దం మీద గీస్తే అక్షరాలుగా మార్చే పద్ధతి చూశారు. బోగిమ్ శ్రద్ధగా గీసింది. వంకర వేలి గీతలు చూసి ఫోను ఏదో చైనా అక్షరమనుకుంది. బటన్లను పెద్దవి చేసి చూశారు. అయినా ఇరవై ఆరింటికీ అక్కడ చోటెక్కడిది? నమ్‌హీ పెన్ను కొస పెదవికి ఆనించుకుని కాసేపు ఆలోచించింది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ సెట్టింగుల్లోకి వెళ్లి, ఒకచోట టిక్కు పెట్టి ఫోను అందించింది.

అద్దం మీద ఇప్పుడు పన్నెండే బటన్లున్నాయి. ఒక్కొక్కటీ కిటికీ అంత ఉంది. బోగిమ్ పై వరస చూసింది. ఒక నిలువుగీత, ఒక చుక్క, ఒక అడ్డగీత.

ఆమె ఫోనును ముఖం దగ్గరికి తెచ్చుకుంది.

"ఇవి నాకు తెలుసు," అంది మెల్లిగా. తర్వాత గట్టిగా, "ఇవి నాకు తెలుసు వదినగారూ! మా సావడి పంతులమ్మ మొదటిరోజు బోర్డు మీద రాసింది ఇవే. చుక్క ఆకాశం, అడ్డగీత భూమి, నిలబడ్డది మనిషి. ఈ మూడూ కలిపితే అన్ని అచ్చులూ వస్తాయంది. నేను చలికాలమంతా ఇవే గీశాను. ఫోనులో ఇవెప్పుడొచ్చాయి?"

మొదటినుంచీ ఉన్నాయని నమ్‌హీ రాసింది. పాత మడత ఫోనులో తనూ దీంతోనే రాసేదాన్నని కింద ఇంకో ముక్క చేర్చింది.

"మొదటినుంచీ ఉన్నాయా! మరి ఎవరూ చెప్పరేం?"

అయినా ఇంకో ఇబ్బంది మిగిలింది. బోగిమ్ డోర్ బెల్లు నొక్కినట్టు అదిమి పట్టుకుంటోంది, అంకెలు పడుతున్నాయి. తేలిగ్గా తాకి వదలమని నమ్‌హీ చేత్తో చూపించింది. ఎంత తేలిగ్గానో బోగిమ్‌కు అందలేదు. రెండుసార్లు మరీ తేలిగ్గా గాల్లోనే వదిలేసింది. ఉన్నట్టుండి ఆమె తొట్టి వైపు చూసి ఆగింది.

"ఓహో. కన్ను తాకినట్టా?"

నమ్‌హీకి అర్థంకాలేదు. బోగిమ్ తొట్టిలోంచి ఒక పీతను తీసి, దాని కన్ను మీద వేలి కొసతో టక్కున తాకి తీసింది. పీత కన్ను లోపలికి లాక్కుంది. "బతికుందో లేదో ఇలాగే చూస్తాం. అదిమితే కన్ను పోతుంది. తాకకపోతే తెలీదు. టక్, అంతే." నలభై ఏళ్లలో ఆమె ఆ పని ఎన్ని లక్షలసార్లు చేసిందో.

మళ్లీ ఫోను తీసుకుంది. టక్. అక్షరం పడింది. టక్, టక్. ఒక్క అంకె కూడా రాలేదు.

"ఇప్పుడు పీత," అంది. హల్లు నొక్కింది. తర్వాత అచ్చు. చుక్క ముందా, గీత ముందా? సావడి బోర్డును తలచుకుంది. ముందు చుక్క, తర్వాత నిలువుగీతలు రెండు. పీత వచ్చింది. అలాగే కుక్కను కూడా రాసి చూసింది. దానికి గీత, చుక్క, గీత. చుక్క మధ్యలో పడింది.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తూ బోగిమ్ తొడ చరుచుకుంది. "పీత కన్ను బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కదా. అందుకే చుక్క ముందు! కుక్కేమో గేటు కర్రల మధ్యలోంచి చూస్తోంది. ఇంకెక్కడ మరిచిపోతాను?"

నమ్‌హీ ఆ మాటలు విని తన పుస్తకంలో ఎక్కించుకుంది. ముప్పై రెండేళ్లుగా ఈ రెండు అచ్చుల తేడా పిల్లల బుర్రకెక్కించలేక చచ్చానని, ఈ మాట అప్పుడే తెలిసుంటే ఎంత బాగుండేదని రాసింది. దాని కింద ఒక గీత కొట్టి, ఇంకో మాట రాసి చూపింది: "నాదీ ఒక తప్పుంది. మీ మెసేజీలో అర్థాన్ని చూడలేదు, అక్షరాన్నే చూశాను. ఆవిరి మీద అన్నప్పుడైనా నాకు వెలగలేదు. ఇలాంటి పంతులమ్మకు ఎన్ని మార్కులు వేస్తారు?"

బోగిమ్ ఆలోచించింది. "ఐదుకి ఐదు వేస్తా. ఐదుకి ఐదూ తిన్నారు కదా."

నమ్‌హీ నవ్వకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు ఊపేసింది.

అంతలో ఆమె కోటు జేబులో ఫోను మోగింది. తీసి చూసింది. పక్కనే కూర్చున్న బోగిమ్ దగ్గరినుంచి మెసేజీ. "వదినగారూ ఆకలేస్తోందా."

నమ్‌హీ రాసింది. "చాలా."

బోగిమ్ ఫోను మోగింది. ఆమె ముఖం చాటంతయింది. మళ్లీ వంచిన తల ఎత్తకుండా రాసింది. "మా ఇల్లు దగ్గరే."

"ఏమేం వండారు?"

"పీతలూ కిమ్చీ వేసి పులుసు. వాచ్‌మన్‌కి కూడా డబ్బాలో కట్టిస్తా."

ఇల్‌సున్ నడుం మీద చేతులేసుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పక్కపక్కన కూర్చుని ఉత్తరాలేంటే తల్లీ! ఆవిడకి గొంతు లేదు సరే, నీకేమైంది?"

"ఉండవే," అంది బోగిమ్. "ఇప్పుడే కదా మాటలొచ్చాయి."

ఆ పూట పనికి సెలవు పెట్టేసింది. ఇంట్లో నమ్‌హీ రెండు గిన్నెల పులుసు తాగి, మూడోది వద్దనకుండా గిన్నె చాపింది. సాయంత్రం బస్సెక్కించి వచ్చాక బోగిమ్ కూతురికి కూడా ఒక మెసేజీ పంపింది. దాన్లో ఒక్క తప్పు లేదు. ఆ వారాంతం మిహ్వా వచ్చి కొత్త కీబోర్డు మీద తనూ రాయబోయి విసుక్కుంది. ఒకే బటన్ మీదున్న రెండు అక్షరాలు వరసగా రావాలంటే మధ్యలో కాస్త ఆగాలి. ఆగకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

"ఇంత నెమ్మదిగా ఎలా రాస్తావమ్మా?"

"నెమ్మదేంటే? నేనెప్పుడూ ఇంతే కదా," అంది బోగిమ్. నిజమే. ఆ రేవు వైపు మనుషులు నిదానంగా మాట్లాడతారని పేరు, రెండు మాటల మధ్య ఆగడం వాళ్లకు పుట్టుకతోనే వస్తుంది. మొట్టమొదటిసారి ఒక యంత్రం ఆమె నడకకు తగ్గట్టు ఆగింది.

అప్పటినుంచీ వియ్యపురాళ్లిద్దరి మధ్యా ఉత్తరాలు రోజూ నడిచాయి. వాన పడితే ఒకరు రాసేవారు, వెలిస్తే ఇంకొకరు రాసేవారు. నమ్‌హీ ఏ తప్పునూ దిద్దేది కాదు. బోగిమ్ గొడవపెట్టి అడిగితే వారానికి ఒకటి మాత్రం చెప్పేది. ఆమె గొంతు ఎప్పుడో బాగుపడింది. అయినా ఉత్తరాలు ఆగలేదు.

ఈ పన్నెండు బటన్ల సంగతి రేవులో ఎన్నాళ్లు దాగుతుంది? జూను మొదట్లో ఒకనాడు పోటు ఆలస్యమై పడవలు రాలేదు. ఆడవాళ్లంతా షెడ్డులో బార్లీ టీ తాగుతూ కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు బోగిమ్ ముందు పెట్టారు. అందరి బొటనవేళ్లూ ఆమె వేలి తోబుట్టువుల్లాంటివే. బోగిమ్ కళ్లజోడు పెట్టుకుంది. ఇప్పుడు ఆమెకు నిజంగానే కళ్లజోడుంది. సెట్టింగులు తెరిచి, ఒక్కొక్కరికీ పన్నెండు బటన్లు పెట్టి, అద్దం స్పర్శ పెంచి ఇచ్చింది.

"అదమకూడదు. కన్ను తాకినట్టు తాకాలి. టక్."

ఇక్కడ ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని లేదు. షెడ్డంతా టక్, టక్ మని మూగ చప్పుళ్లు. ఒకామె చెల్లెలికి రాసింది. ఇంకొకామె ఎవరికి రాయాలో తోచక తనకు తానే పంపుకుని, వచ్చిందని మురిసిపోయింది.

ఇల్‌సున్ మొగుడికి రాస్తానంది. ఆయన పడవ రేవుకు దగ్గరపడుతున్న వేళ అది. నలభై ఏళ్ల కాపురంలో కేకలే తప్ప ఆమె ఆయనకు రాసింది ఏమీ లేదు. బోగిమ్ పక్కన కూర్చుని, ఉత్తరమన్నాక మర్యాదగా ఉండాలని నమ్‌హీ దగ్గర నేర్చుకున్న పద్ధతి నేర్పింది. ఇల్‌సున్ నాలుక కొస బయటపెట్టి రాసింది. "ఎక్కడిదాకా వచ్చారు. భోజనం చేశారా. జాగ్రత్తగా రండి."

పంపింది. అందరూ ఆమె చుట్టూ మూగారు. ఫోను మోగింది.

"ఎవరు?"

షెడ్డు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఇల్‌సున్ ముఖం ఎర్రబడింది. "ఎవరా! నలభై ఏళ్లు వండిపెడితే ఎవరంటాడా!" టక్, టక్, టక్. "మీ ఆవిడను."

ఈసారి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. "అబద్ధం. మా ఆవిడకి ఇంత మర్యాద లేదు. ఫోను ఎక్కడ దొరికిందో చెప్పండి, వచ్చి తీసుకుంటా."

బోగిమ్ బల్ల మీద తల వాల్చేసింది. ఎవరి గ్లాసులోనో టీ ఒలికింది. ఇల్‌సున్ మర్యాదంతా గాలికొదిలేసి, రెండు బొటనవేళ్లతోనూ మొదలుపెట్టింది. మీద పడి సాయం చేయబోయినవాళ్లను మోచేత్తో నెట్టింది. బయట పడవ కూత వినిపించింది. ఆయనదే. తాళ్లు విసిరారు, వలల కుప్ప గట్టు మీద దభీమని పడింది. ఆడవాళ్లు చేతి తొడుగులు లాక్కుంటూ లేచారు.

"రావే ఇల్‌సున్, మనిషే వచ్చేశాడు కదా, ముఖం మీదే తిట్టు!" అంది బోగిమ్ గుమ్మంలోంచి.

ఇల్‌సున్ తలెత్తలేదు.

"ఉండండే. ఇంకా మూడు అక్షరాలున్నాయి."